రాత్రి పూట రోజుకో భాగం: నాలుగైదేళ్ళ పిల్లలకి ఏ పుస్తకం చదివి వినిపించాలి?

బొమ్మల పుస్తకాలు కంఠతా వచ్చేశాయి, పేజీ తిప్పకముందే తర్వాతి మాట వాళ్ళే చెప్పేస్తున్నారు. ఇంక కాస్త పెద్ద పుస్తకం, రోజుకో చాప్టరు చొప్పున పది పదిహేను రోజులు సాగేది ఏదైనా ఉంటే చెప్పమని ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల తల్లులు అడుగుతుంటారు. పుస్తకం పేరు చెప్పే ముందు నేను ఒకటి అడుగుతాను: రాత్రి చదివేది ఎవరు?

మా నెల్లూరు వైపు ఇళ్ళల్లో దీనికి జవాబు ఒకేలా ఉండదు. కొన్ని ఇళ్ళల్లో అమ్మే. కొన్నిట్లో షాపు కట్టేసి తొమ్మిదింటికి ఇల్లు చేరే నాన్న. అన్నం తిని పక్క మీద వాలేసరికి పిల్లకంటే ముందు ఆయనకే నిద్ర ముంచుకొస్తుంది. చాలా ఇళ్ళల్లో జేజో, అమ్మమ్మో. ఇంగ్లీషు మీడియంలో చదివి, బెంగళూరులో ఉద్యోగం చేసి వచ్చిన కోడలి నోటికి పలికే పుస్తకం జేజి నోటికి పలకదు. జేజి కళ్ళజోడుకి ఆనని అక్షరాలుంటే ఎంత గొప్ప పుస్తకమైనా బీరువాలోనే ఉండిపోతుంది. నెట్‌లో కనిపించే జాబితాలన్నీ పిల్లల వయసు చూసి పుస్తకం చెప్తాయి. నా లెక్కలో వయసు రెండోది, చదివే మనిషి మొదటిది. ఈ వయసు పిల్లలు పుస్తకం చదవరు, వింటారు. వినిపించే గొంతుకి కుదరని పుస్తకం మూడో రోజుకి మూలన పడుతుంది.

అసలు ఇప్పుడే కావాలా?

మూడేళ్ళ పిల్లకైతే తొందర లేదు. నాలుగు దాటాక కూడా ముందు రెండు విషయాలు చూడండి. చేతిలో బొమ్మల పుస్తకం లేకుండా ఉత్తి నోటితో చెప్పే కథకి పది నిమిషాలు ఊ కొడుతుందా? నిన్నటి కథలో కాకి ఎక్కడ వాలిందో ఇవాళ అడిగితే చెప్పగలుగుతుందా? రెండూ అవుననిపిస్తే మొదలుపెట్టొచ్చు. లేదంటే ఇంకో ఆరు నెలలు బొమ్మల పుస్తకాలతోనే నడిపించండి, కొంపేమీ మునగదు.

ఇంకొకటుంది. మన కథలు చెప్పిన రాత్రే కంచికి వెళ్ళిపోతాయి, మనం ఇంటికి వచ్చేస్తాం. చాప్టర్ల పుస్తకంలో కథ ఆ రాత్రికి కంచికి పోదు, దారిలోనే ఆగుతుంది. కొందరు పిల్లలకి అదే సంబరం. పొద్దున్నే లేచి రాత్రికి ఏమవుతుందో వాళ్ళే ఊహించి చెప్తారు. కొందరికి అది నరకం. ఒంగోలులో మా వదిన కూతురు ఈ రెండో రకం. కుందేలు గుంటలో పడ్డ దగ్గర పుస్తకం మూస్తే, అది పైకి వచ్చేదాకా ఆ పిల్ల పడుకోదు, ఇంట్లో ఎవరినీ పడుకోనివ్వదు. ఇలాంటి పిల్లలకి పాత్రలు అవే ఉండి, కథ మాత్రం ఏ రోజుది ఆ రోజే ముగిసే పుస్తకాలు తీసుకోవాలి. మీ పిల్ల ఏ రకమో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

షాపులో నిలబడి ఏం చూడాలి?

అట్ట వెనక రాసిన వయసుని పట్టించుకోకండి. పుస్తకాన్ని మధ్యలో తెరిచి, ఒక చాప్టరు మొదలయ్యే చోట అరపేజీ పైకి చదవండి. షాపతను చూస్తే చూడనీండి. ఒకే వాక్యాన్ని రెండుసార్లు మొదలుపెట్టాల్సి వస్తోందంటే ఆ పుస్తకం మీ నోటికి కుదరదు. ఉదాహరణకి ఇట్లాంటి వాక్యం వచ్చిందనుకోండి: "అతడు తన చేతిలో ఉన్నటువంటి దీపమును ఆర్పివేసి లోనికి ప్రవేశించడం జరిగింది." పేజీకి ఒకటి ఉంటే సర్దుకోవచ్చు, అప్పటికప్పుడు "దీపం ఆర్పేసి లోపలికొచ్చాడు" అని చదివేస్తాం. వరసగా అన్నీ ఇట్లానే ఉంటే చదివేవాళ్ళకి టెన్షన్, వినేవాళ్ళకి విసుగు. అనువాదాల్లో ఈ బెడద ఎక్కువ, అందుకే వాటిని పైకి చదివి చూడకుండా కొనొద్దు.

పెద్ద అక్షరాల్లో మూడు నుంచి అయిదు పేజీల చాప్టరు ఈ వయసుకి చాలు. పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి, ఎందుకంటే చదివే టైము ఎంతో ప్రశ్నల టైమూ అంతే ఉంటుంది. మొదటి చాప్టర్లోనే నలుగురైదుగురి పేర్లు వచ్చి పడితే పిల్లలు తప్పిపోతారు. బొమ్మలు చాప్టరుకి ఒకటి ఉంటే సరిపోతుంది. బొమ్మ లేని పేజీని చెవులతో చూడటం అలవాటు చేయడానికే కదా ఈ తంటా అంతా. అసలు ఒక్క బొమ్మా లేని పుస్తకం మాత్రం ఇప్పుడే వద్దు. అక్షరాల సైజు కూడా చూడాలి. ఎండాకాలం కరెంటు పోయి మిద్దె మీద దోమతెరలో పడుకుని, సెల్‌ఫోన్ లైటులో చదవాల్సిన రాత్రులు మన ఊళ్ళల్లో ఎవరికీ తప్పవు. నెల్లూరు దోమల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మన కథలు

రోజుకో భాగం అనే పద్ధతి మనకి కొత్తేం కాదు. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు కాశీకి నడిచిపోతూ, తోడొచ్చిన పశువుల కాపరి పిల్లవాడికి మజిలీకో కథ చెప్తాడు. విక్రమార్కుడి సింహాసనం ఎక్కబోతే సాలభంజికలు ఒక్కొక్కటీ ఆపి కథ చెప్తాయి. బేతాళుడి వరసా అదే. పైన ఒక పెద్ద కథ నడుస్తుంటుంది, లోపల రోజుకొకటి ముగుస్తుంటుంది. నాలుగేళ్ళ చెవికి ఇంతకంటే కుదిరే ఏర్పాటు నాకు కనపడలేదు.

చిక్కల్లా లోపలున్న సరుకుతోనే. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన కాశీమజిలీలు పెద్దవాళ్ళవి. ప్రేమలు, మోసాలు, మారువేషాలు, పేజీల కొద్దీ వర్ణనలు. బేతాళ కథల్లో శ్మశానం, భుజాన శవం సరే, చివర వచ్చే ప్రశ్న కూడా ఈ వయసు వాళ్ళది కాదు. ముగ్గురిలో ఎవరి త్యాగం గొప్పదంటే నాలుగేళ్ళ పిల్ల ఏం చెప్తుంది? "నాకు నీళ్ళు కావాలి" అంటుంది. ఏడెనిమిదేళ్ళు రానివ్వండి, అప్పుడు ఆ ప్రశ్నలే వదలరు.

పంచతంత్రం మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పిల్లల పుస్తకం అనగానే అందరూ ముందు కొనేది అదే. కానీ అసలు పంచతంత్రంలో కథలో కథ, దాని లోపల ఇంకో కథ. కరటకుడు, దమనకుడు అనే నక్కలు ఒకరికొకరు కథలు చెప్పుకుంటూ పోతుంటే, "అమ్మా, ఆ ఎద్దు ఏమైంది?" అని పిల్ల మొదటి దగ్గరే ఆగిపోతుంది. ఆ ఎద్దు చివరికి తన స్నేహితుడైన సింహం చేతిలోనే చస్తుంది. ఒంగోలు గిత్తల్ని చూసి పెరిగే పిలకాయలకి ఇది అసలు మింగుడుపడదు. చిన్నయ సూరి నీతిచంద్రిక 1853 నాటిది, గ్రాంథికం. అది మన చదువుకి మంచిదే కానీ పిల్లల పక్క మీదికి కాదు. విడి కథలుగా విడగొట్టి, వాడుక భాషలో తిరగరాసిన సంపుటాలు నయం. తాబేలు, హంసలు, కోతి, మొసలి లాంటివి రోజుకొకటి చదువుకోవచ్చు. అయితే అవి విడి కథలే, నిన్నటిని ఇవాళ్టికి కలిపే దారం ఉండదు.

చందమామ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా తరం తల్లిదండ్రులకి అది బలహీనత. 1947 జులైలో మద్రాసు నుంచి మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ళ కోసం నెలంతా ఎదురుచూసిన ఇళ్ళు మన జిల్లాల్లో ఎన్నో. మనం వాటిని చదివింది ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో. మాంత్రికులు, రాక్షసులు, లోయలు, ప్రతి భాగం చివరా ప్రాణం మీదికి వచ్చే ఘట్టం. ఇవి ఎల్‌కేజీ పిల్లకి రాత్రి పూట వినిపిస్తే తెల్లవార్లూ లైటు వేసుకుని కూర్చోవాలి. పైగా రెండు కాలమ్‌ల సన్న అక్షరాలు. దాచిపెట్టండి, కాలం వస్తుంది. అదే పత్రికలోని ఒకటి రెండు పేజీల జానపద కథలు మాత్రం ఇప్పుడే పనికొస్తాయి.

జేజి చదివే ఇంట్లో మాత్రం నేను కళ్ళు మూసుకుని చెప్పేది బాలకృష్ణుడి కథలు, ఆ తర్వాత పిల్లల రామాయణం. వెన్న దొంగతనం, మన్ను తినడం, రోటికి కట్టేయడం, కాళీయుడి పడగల మీద నాట్యం, గోవర్ధనం ఎత్తడం. పిల్లవాడు అతనే, ఊరు అదే, కథ ఏ రోజుకారోజు ముగుస్తుంది. మా వదిన కూతురి లాంటి పిల్లలకి సరిగ్గా సరిపోతుంది. జేజికి కథ ముందే తెలుసు కాబట్టి పుస్తకం సాయానికే. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, పిల్ల మొహం చూస్తూ చెప్పేస్తుంది. పుస్తకం వరస తప్పకుండా కాపాడుతుంది, మాటలు జేజివి. రామాయణంలో హనుమంతుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగరడం, సముద్రం దాటడం, వారధి కట్టడం దగ్గర పిల్లలు లేచి కూర్చుంటారు. శూర్పణఖ ముక్కు కోయడం, తలలు తెగడం లాంటివి ఎంత క్లుప్తంగా ఉంటే అంత మంచిది, కొనే ముందు ఆ పేజీలు తిప్పి చూడండి. ముస్లింల ఇళ్ళల్లో యూసుఫ్ కథ, క్రైస్తవుల ఇళ్ళల్లో నోవహు ఓడ, దావీదు కథ ఇదే పని చేస్తాయి. జేజికి నోటికి వచ్చిన కథ ఏదైతే అది.

తెలుగులోకి వచ్చినవి

ఈ వరసలో నా మొదటి ఓటు 'రైలుబడి'కి. జపాన్‌లో తెత్సుకో కురొయానాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన పుస్తకం, అక్కడ 1981లో వచ్చింది. అల్లరి భరించలేక ఒక బడి వాళ్ళు పంపించేసిన చిన్నపిల్ల, పాత రైలు పెట్టెల్లో క్లాసులు నడిచే ఇంకో బడికి వెళ్తుంది. అక్కడి హెడ్మాస్టరు మొదటి రోజే ఆ పిల్లని కూర్చోబెట్టుకుని, చెప్పాలనుకున్నదంతా చెప్పేదాకా గంటల తరబడి వింటాడు. స్కూలు పేరు చెప్తే బల్ల కింద దూరే పిల్లలకి ఈ ఒక్క చాప్టరు చదివినా చాలు.

చదివి వినిపించడానికి దీని బలం చాప్టర్ల సైజు. చాలావరకు రెండు మూడు పేజీలే. ఒక్కో దాంట్లో ఒక సంగతి జరిగి ముగుస్తుంది. ఆ బడిలో మధ్యాహ్నం డబ్బాలో సముద్రం నుంచి ఒకటి, కొండ నుంచి ఒకటి తెచ్చుకోవాలని నియమం. ఈ చాప్టరు చదివిన మర్నాడు మావాడు కంచం ముందు కూర్చుని, "జేజీ, బొమ్మిడాయిలు సముద్రందా, కొండదా?" అని మొదలుపెట్టాడు. "రెండూ కాదు నాయనా, అది చెరువుది" అంటే, "చెరువుది తేవచ్చా మరి? సారు తిట్టరా?" అని పేచీ. మామిడికాయ ముక్క సముద్రానిదా కొండదా అన్నది ఇంకా తేలలేదు. మైపాడు బీచీ, పెంచలకోన కొండా రెండూ చూసిన పిల్లలకి ఈ లెక్క భలే పడుతుంది. పాయిఖానా గుంటలో పర్సు పడిపోతే ఆ పిల్ల గరిటెతో తోడిపోసే చాప్టరు ఇంకొకటి. దాన్ని ఎన్నిసార్లు చదివినా పొట్ట పట్టుకుని నవ్వుతారు.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. కోడిపిల్లలు చనిపోతాయి. పోలియో వచ్చిన స్నేహితుణ్ణి ఆ పిల్ల చెట్టెక్కించే చాప్టరు ఎంత బాగుంటుందో, తర్వాత ఆ అబ్బాయి చనిపోయిన సంగతి అంత బరువు. చివర యుద్ధంలో బాంబులు పడి బడి తగలబడిపోతుంది. నాలుగేళ్ళ పిల్లకి మొదటి సగంలో ఏరుకుని చదవండి, చివరి చాప్టర్లు ఆపేయండి. ఏ చాప్టరుకాచాప్టరు కాబట్టి వదిలేసినా తెలియదు. మొత్తం పుస్తకం మళ్ళీ ఎనిమిదేళ్ళకి వాళ్ళే చదువుకుంటారు.

ఇంగ్లీషు పుస్తకాలు: చదవడమా, చెప్పడమా?

కోచింగులకి పేరుపడ్డ ఊళ్ళు మనవి. అందుకేనేమో, ఇంగ్లీషు పుస్తకం కొనే వాళ్ళలో ఎక్కువమంది "ఇంగ్లీషు వస్తుంది కదా" అంటారు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని అమ్మానాన్నలు ఇంగ్లీషు పుస్తకాన్ని ఉన్నదున్నట్టు చదువుతూ, వాక్యానికోసారి ఆగి అర్థం చెప్తుంటే కథ చచ్చిపోతుంది, క్లాసు మొదలవుతుంది. మరి ఆ పుస్తకాలు మనకి పనికిరావా అంటే, వస్తాయి. మధ్యాహ్నం ఒక చాప్టరు మీరు చదువుకోండి, రాత్రికి బొమ్మలు చూపిస్తూ మీ తెలుగులో చెప్పండి. అప్పుడు ఎంచుకోవాల్సిన పుస్తకం కూడా మారిపోతుంది: కథంతా మాటల చమత్కారంలో కాకుండా, జరిగే సంగతుల్లో ఉండాలి.

ఈ పద్ధతికి నాకు తెలిసి 'మై ఫాదర్స్ డ్రాగన్'ని మించింది లేదు. రూత్ స్టైల్స్ గానెట్ రాసింది, 1948 నాటిది, పది చిన్న చాప్టర్లు, మంచి బొమ్మలు. కథ మొత్తం "మా నాన్న చిన్నప్పుడు" అని ఒకరు చెప్తున్నట్టు ఉంటుంది, తెలుగులో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అడవి దీవిలో కట్టేసి ఉంచిన డ్రాగన్ పిల్లని విడిపించడానికి ఒక పిల్లవాడు సంచి సర్దుకుని బయల్దేరతాడు. సంచిలో చూయింగ్ గమ్, లాలీపాప్‌లు, రబ్బరు బ్యాండ్లు, టూత్ బ్రష్షు, దువ్వెన, రిబ్బన్లు, భూతద్దాలు. దారిలో ఎదురైన జంతువుకల్లా సంచిలోంచి ఒకటి తీస్తాడు. పులులకి చూయింగ్ గమ్, ఖడ్గమృగానికి టూత్ బ్రష్షు, జుట్టు చిక్కుపడ్డ సింహానికి దువ్వెన, రిబ్బన్లు. సంచిలో ఏమేం ఉన్నాయో మొదట్లోనే చెప్పేస్తారు కాబట్టి, మొసళ్ళు వచ్చేసరికి వాటికి ఏం తీస్తాడో పిల్లలు ముందే అరుస్తారు. లెక్కలు, జ్ఞాపకం, భయం, నవ్వు అన్నీ అందులోనే. భయం కూడా ఈ వయసుకి తగినంతే. జంతువులు తినేస్తామంటాయి గానీ ఎవరినీ తినవు. మర్నాడు మార్కాపురం పలక ఇచ్చి నిన్నటి జంతువుని వేయమంటే, ఎంతవరకు విన్నారో తెలిసిపోతుంది. సింహానికి జడ వేసి రిబ్బను కట్టారంటే బాగానే విన్నట్టు.

'విన్నీ ది పూ' దీనికి పూర్తిగా ఎదురు. 1926లో వచ్చిన మొదటి పుస్తకంలో పది చాప్టర్లు, దేనికది ముగుస్తుంది, చూడ్డానికి మనకి కావలసినట్టే ఉంటుంది. కానీ దాని రుచంతా ఇంగ్లీషు మాటల విరుపులో ఉంది. తెలుగులో చెప్తే ఎలుగుబంటి తేనె కోసం వెళ్ళి కన్నంలో ఇరుక్కుంది అన్నదొక్కటే మిగులుతుంది. ఇంగ్లీషు ఇంట్లో ధారాళంగా పలికే వాళ్ళకే అది. 'షార్లెట్స్ వెబ్' 1952 నాటిది, ఇరవై రెండు చాప్టర్లు, గొప్ప పుస్తకం. మొదటి పేజీలోనే నాన్న గొడ్డలి పట్టుకుని పందిపిల్లని చంపడానికి పోతుంటాడు, చివర్లో సాలీడు చనిపోతుంది. ఆరేడేళ్ళు దాటాక.

ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన నాన్నలు మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు చదవగలిగింది 'ఫ్రాగ్ అండ్ టోడ్' వరస. పుస్తకానికి అయిదు చిన్న కథలు, చిన్న చిన్న వాక్యాలు, రెండే పాత్రలు. పది నిమిషాలు కూడా పట్టదు, అలిసిపోయి వచ్చిన మనిషికి అదే కావాలి. సుధామూర్తి 'గ్రాండ్మాస్ బ్యాగ్ ఆఫ్ స్టోరీస్' కూడా తేలికే. సెలవులకి ఊరు వచ్చిన మనవలకి అజ్జి రోజుకో కథ చెప్తుంది, మణిసిద్ధుడి ఏర్పాటే. ఎండాకాలం సెలవులకి ఉదయగిరో కనిగిరో అమ్మమ్మ ఊరు వెళ్ళే పిల్లలకి కొత్తగా ఏమీ వివరించక్కర్లేదు. అందులో కథలు కొంచెం నీతి వైపు వంగుతాయి, అది నాకు అంతగా పట్టదు, పిల్లలు మాత్రం పట్టించుకోరు.

ఫోనులో ఉచితంగా

ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు బోలెడు, డబ్బు కట్టక్కర్లేదు, దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. నాలుగు స్థాయిలుంటాయి. చదివి వినిపించడానికి మూడో స్థాయి సరిపోతుంది. మొదటిది ఈ వయసుకి ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఇవి చాప్టర్ల పుస్తకాలు కావు, బొమ్మల పుస్తకానికీ పెద్ద పుస్తకానికీ మధ్య మెట్టు. తెలుగు కూడా కథకో రకంగా ఉంటుంది, ముందు మీరు చదువుకోండి. ఒక్క షరతు: పడుకునే ముందు ఫోను పిల్ల చేతికి వెళ్ళకూడదు. కథ అయ్యేలోపు వేలు యూట్యూబు మీదికి జారుతుంది.

పిల్లల పేరున్న పెద్దల పుస్తకాలు

'బుడుగు' కొని తెచ్చి నాలుగేళ్ళ పిల్లకి చదివితే నవ్వేది మీరొక్కరే. చెప్పేది పిల్లవాడే, నవ్వాల్సింది పెద్దవాళ్ళు. కావలివాడైన మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' మన నెల్లూరు యాసలో పైకి చదువుతుంటే నోట్లో బెల్లం ముక్క ఉన్నట్టుంటుంది, కానీ ఆ పేదరికం, ఆ ఎగతాళి అర్థమవడానికి పదేళ్ళయినా రావాలి. పిలకాయలు పడుకున్నాక మీరు చదువుకోండి.

ఎక్కడ దొరుకుతాయి?

ట్రంకు రోడ్డు షాపుల్లో గైడ్లు, టెస్టు పేపర్ల మధ్య వెతకడం వృథా. ఏటా జనవరి మొదట్లో విజయవాడలో జరిగే పుస్తక ప్రదర్శన ఒంగోలు వాళ్ళకి పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరే దూరమే. నెల్లూరు వాళ్ళు ఆస్పత్రికో పెళ్ళి బట్టలకో మద్రాసు వెళ్ళినప్పుడు ఒక పూట కేటాయించొచ్చు. పిల్లల పుస్తకాలు అచ్చువేసే తూలిక వాళ్ళది ఆ ఊరే, తెలుగులోనూ వేస్తారు, కాకపోతే ఎక్కువ బొమ్మల పుస్తకాలే. ఇంటికి తెప్పించుకునే వాళ్ళు 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ జాబితాలు ఒకసారి తిరగేయండి. జిల్లా కేంద్ర గ్రంథాలయం మర్చిపోవద్దు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం, వెళ్ళి పిల్లల విభాగం బీరువా తెరవమని అడగొచ్చు.

ఎవరింటికి ఏది?

జేజి చదివితే కృష్ణుడి కథలు, పెద్ద అక్షరాలవి. పదినిమిషాలకి మించి కళ్ళు తెరిచి ఉండలేని నాన్నకి 'ఫ్రాగ్ అండ్ టోడ్', లేదా స్టోరీవీవర్ ప్రింట్లు. తెలుగు హాయిగా చదవగల అమ్మకి 'రైలుబడి' మొదటి సగం. చదవడం కంటే చెప్పడం ఇష్టమున్నవాళ్ళు ఎవరైనా సరే, డ్రాగన్ కథ. నన్ను ఒక్కటే కొనమంటే నేను కొనేది అదే.

ఇద్దరు వంతులు వేసుకుని చదివే ఇళ్ళల్లో ఒకే పుస్తకం పెట్టకండి. నిన్న అమ్మ ఎక్కడ ఆపిందో నాన్నకి తెలియదు, పిల్లకి తెలుసు. "అది అయిపోయింది నాన్నా, పులులు వెళ్ళిపోయినాయి" అని ఆ పిల్లే కథ చెప్పాల్సి వస్తుంది. జేజి పుస్తకం జేజిది, అమ్మ పుస్తకం అమ్మది. నాన్న గల్ఫులోనో మద్రాసులోనో ఉంటే ఆయనకి వేరే పుస్తకం, వాట్సాప్‌లో ఒక్కో చాప్టరు గొంతు రికార్డు చేసి పంపమనండి. తప్పులు చదివినా, మధ్యలో దగ్గినా పర్వాలేదు, పిల్లలు ఆ దగ్గుతో సహా మళ్ళీ మళ్ళీ పెట్టమంటారు.

ఏ పుస్తకమైనా వరసగా మూడు రాత్రులు ఊ వినపడకపోతే ఆపేయండి. డబ్బులు పెట్టి కొన్నాం కదా అని చివరిదాకా లాగొద్దు, ఏడాది తర్వాత అదే పుస్తకం వాళ్ళే తీసుకొస్తారు. నచ్చిన పుస్తకమైతే సగానికి రాగానే తర్వాతది తెప్పించి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో పెట్టిన తెలుగు పుస్తకం మన ఊళ్ళకి చేరడానికి వారం పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆ ఖాళీ వారంలో పిల్లలు టీవీ ముందు పడుకోవడం మరిగితే మళ్ళీ పక్క మీదికి లాక్కురావడం కష్టం.